లెక్కల సారు సైడ్‌కారు

బేతంచర్ల పోయే దారిలో ఒక బండల ఫ్యాక్టరీ ముందు లారీలు తూచే కాటా ఉంది. ఆ ఉదయం దాని ఇనుప పలక మీద, లారీ నిలబడవలసిన చోట, ఒక భారీ మోటారుసైకిలు నిలబడి ఉంది. దానికి ఎడమ పక్కన బిగించిన కొత్త సైడ్‌కారు. అందులో ఒళ్లో హ్యాండుబ్యాగు, కాళ్ల దగ్గర టిఫిన్ క్యారియరు పెట్టుకుని సుగుణమ్మగారు కూర్చుని ఉన్నారు.

"ఏంటికి ఆపినావయ్యా ఈడ?" అని ఆమె భర్తను అడిగారు.

"ఇంజను వేడెక్కింది. రోంత చల్లారల్ల" అన్నారు ఆయన. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి. అందుకని ఆమె వైపు కాకుండా ఇంజను వైపు చూస్తూ ఆ మాట చెప్పారు.

నేను కాటా గది పక్కన నిలబడి ఉన్నాను. సాక్షి కావాలని, ఆ సాక్షి విలేకరి అయితే మరీ మంచిదని ఆయనే నన్ను ముందు బస్సుకు పంపించారు. అంతా అనుకున్నట్టే జరిగేది. కానీ గదిలోని ఆపరేటరుకు విషయం చెప్పడం ఇద్దరమూ మరిచిపోయాం. అతను మైకు అందుకున్నాడు.

"సార్, ఖాళీ బండి తూకం నిన్నటిది ఉండాది. ఇప్పుడు సరుకు బరువు దానంతట అదే వస్తాది. సరుకేమని కొట్టల్ల?"

రోడ్డవతల టీ కొట్టు దాకా వినిపించింది. సుగుణమ్మగారు తలెత్తి ఎర్రగా వెలుగుతున్న అంకెలను చూశారు. భర్తను చూశారు. నన్ను చూశారు.

"సరుకా?" అన్నారు.

ముప్పై ఏళ్లపాటు పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్న మనిషి మళ్లీ ఇంజను వైపు తిరిగారు. మైకు పనిచేయలేదేమోనని ఆపరేటరు మరోసారి అరిచాడు. "సరుకు సార్, సరుకు! ఖాళీ వదిలితే కంప్యూటరు ఒప్పుకోదు!"

ఆమె సైడ్‌కారు తలుపు తీసుకుని దిగారు. ఆమె నడిచి వస్తున్న తీరు చూసి ఆపరేటరు గాభరాగా చేతికందిన మీట నొక్కాడు. చీటీ బయటికి వచ్చింది. ఆమె కిటికీలో చేయి పెట్టి దాన్ని తీసుకుని చదివి, నాలుగు మడతలు పెట్టి హ్యాండుబ్యాగులో వేసి, టప్పున మూశారు.

"సరుకు, ఇతరములు" అన్నారు ఎవరితోనూ కాకుండా. "ముప్పై ఎనిమిదేండ్లు కాపురం చేసినాక నేను ఇతరములు."

రోడ్డు దాటి, కర్నూలు పోయే బస్సుకు చేయెత్తారు. బస్సు ఆగింది. టిఫిన్ క్యారియరు మాత్రం సైడ్‌కారులోనే ఉండిపోయింది.

ఆ లెక్కల సారు ఈ మధ్య పోయారు. మా పత్రిక జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వచ్చింది. వయసు తప్పు పడింది. పొద్దున అది చూడగానే అలవాటు ప్రకారం ఫోను దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. మధ్యాహ్నమైనా అది మోగలేదు. ఆయన పోయారన్న సంగతి నాకు అప్పుడు సరిగ్గా తెలిసింది.

మా పరిచయం కూడా ఫోనుతోనే మొదలైంది. కర్నూల్లో ఒక బహిరంగసభకు వచ్చిన జనం గురించి నేను రాసిన వార్తకు ఆయన మర్నాడే పలికారు.

"రిపోర్టరప్పా, ఆ మైదానాన్ని నేను పొద్దున పోయి అడుగులేసి కొలిచినా. నువ్వు రాసినంతమంది పట్టల్లంటే ఒకరి నెత్తిన ఒకరు నిలబడల్ల. అట్లా నిలబడినారా?"

"లేదు సార్. సుమారుగా రాశాం."

"సుమారు అంటే కొలవలేదని ఒప్పుకోవడమప్పా" అని పెట్టేశారు.

ఆ తర్వాత పదిహేనేళ్లపాటు వారానికొక ఫోను తప్పలేదు. వాన కొలతలో పొరపాటు, ఎన్నికల మెజారిటీలో పొరపాటు, ఒకసారి పంచాంగంలో పొరపాటు. ఆయన మిషను స్కూల్లో లెక్కలు చెప్పి, అక్కడే హెడ్‌మాస్టరుగా పదవీ విరమణ చేశారు. చొక్కా జేబులో పెన్ను బదులు సుద్దముక్క ఉండేది. ఏదైనా వివరించాలంటే కుడిచేత్తో గాలిలో రాసేవారు. చెప్పడం పూర్తికాగానే ఎడమచేత్తో గాలిని తుడిచేసేవారు. తుడవకుండా ఎప్పుడూ లేచిపోలేదు. తర్వాత వచ్చేవాళ్లకు గాలి శుభ్రంగా ఉండాలన్నట్టు. ఆదివారం చర్చిలో పాస్టరుగారి నోట 'ఇంచుమించు' అన్న మాట వస్తే ఆయన కళ్లు మూసుకునేవారు. భక్తి అనుకునేవాళ్లు జనం.

పదవీ విరమణ రోజున స్కూలు వాళ్లు శాలువా కప్పారు. నెల తిరక్కుండానే ఆయన దూర ప్రయాణాల కోసం చేసిన పెద్ద మోటారుసైకిలు కొన్నారు. దాన్ని స్టాండు వేయడానికి సంఘ పెద్దలు ఇద్దరు సాయం పట్టాలి. అంత బండి దేనికని అందరూ అడిగారు. దేనికో నాకు ఒక్కడికే చెప్పారు. పెళ్లయిన కొత్తలో భార్యకు గండికోట చూపిస్తానని మాటిచ్చారట. పెన్నా లోయ అంచున ఇద్దరూ నిలబడి చూడాలని. వేసవి సెలవుల్లో అనుకుంటే పరీక్ష పేపర్ల మూల్యాంకనం పడేది. దసరా సెలవుల్లో అనుకుంటే చుట్టాల్లో ఎవరో ఒకరు పోయేవారు. మాట మాత్రం మిగిలిపోయింది.

బస్సులో పోవచ్చు కదా అన్నాను.

"తీస్కపోతానని చెప్పినా. పంపిస్తానని చెప్పలేదు" అన్నారు.

చిక్కేమిటంటే సుగుణమ్మగారు బండి ఎక్కరు. అంతకు పదేళ్ల ముందు నందికొట్కూరు రోడ్డు మీద, వచ్చే పోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రైతులు కొర్ర కంకులు పరిచి ఉంచారు. వాటి మీద చక్రం జారి, సారు ఒక పక్క, ఆమె ఒక పక్క కొర్ర కుప్పలో కూలబడ్డారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆమె లేచి చీర దులుపుకుని, "ఇంగ ఈ జన్మలో రెండు చక్రాల మీద కూచోను" అన్నారు. ఆనాటి నుంచి ఏ పెళ్లికైనా ఆయన బండి మీద, ఆమె బస్సులో. ప్రతిసారీ ఆమే ముందు చేరేవారు. ఆయన వెళ్లేసరికి తాంబూలంతో ఎదురయ్యేవారు.

ఒక సాయంత్రం సారు మా ఆఫీసుకు వచ్చి కుర్చీలో కూర్చోకుండానే గాలిలో రెండు సున్నాలు చుట్టి, పక్కన ఇంకొకటి చుట్టారు.

"రెండు చక్రాల మీద కూచోననింది. మూడింటి సంగతి చెప్పలేదు."

అట్లా సైడ్‌కారు కథ మొదలైంది. చూడటానికి బెంగుళూరు వెళ్లారు. ఆయన బండి మీద, ఆమె బస్సులో. వాళ్ల మేనకోడలి గృహప్రవేశం ఉండటంతో ఆమె కాదనలేదు. నాకూ అక్కడ పని ఉండి కలిశాను. దుకాణంలో మూడు రకాలున్నాయి. సారు టేపు తీసి మూడింటి పొడవు, వెడల్పు, చక్రం ఎత్తు కొలిచి సుద్దతో వాటి మీదే రాసుకున్నారు. దుకాణదారు వెనకాలే గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు.

మొదటిది మిలిటరీ రకం. ఇనుముతో చేసింది, గట్టిది, తలుపు లేదు. సారుకు నచ్చింది. సుగుణమ్మగారు దాని అంచు మీద చేయి వేసి చూశారు.

"దీంట్లోకి దిగల్లంటే నేను ముందు గోడ దూకడం నేర్చుకోవల్ల."

రెండోది పొడుగ్గా, నున్నగా, పడవలా ఉంది. కాళ్లు చాపుకుని వెనక్కి వాలవచ్చని దుకాణదారు చెప్పాడు.

"చూసినాలేప్పా. మూత ఒగటే తక్కువ. పాస్టరుగారిని పిలిస్తే పని అయిపోతాది."

మూడోదానికి తలుపు ఉంది. ఆమె దాన్ని మూడుసార్లు తీసి మూశారు. చెవి దగ్గరగా పెట్టి దాని చప్పుడు విన్నారు. లోపల కూర్చుని, మోకాళ్లు ఆడించి చూసుకుని, దుకాణదారును అడిగారు.

"చెప్పులు యాడ ఇడవల్ల?"

"కాళ్లకే ఉంచుకోవచ్చమ్మా."

"కూచున్నాక కాళ్లకు చెప్పులేంటికి?"

ఇన్నేళ్ల వ్యాపారంలో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. చివరికి చెప్పులకు ఒక చిన్న అర చేయించి పంపిస్తానని ఒప్పుకున్నాడు. ఆమె తలూపారు. ఆ తలూపడం చూసి సారు వెనక్కి తిరిగి, కొలతలు సరిచూసుకుంటున్నట్టు నటిస్తూ, చేతిరుమాలుతో కళ్లద్దాలు చాలాసేపు తుడుచుకున్నారు.

బిగించే పని కర్నూల్లో మస్తాన్ భాయ్ షెడ్డులో. పెద్ద బండ్లకు పేరున్న మెకానిక్. సైడ్‌కారంటే పక్కన ఒక తొట్టి తగిలించడమని నేను అనుకునేవాణ్ణి. కాదు. దాని చక్రం బండి వైపు రవ్వంత తిరిగి ఉండాలి. బండి సైడ్‌కారుకు అవతలి వైపు రవ్వంత వాలి ఉండాలి. ఆ రవ్వంత కుదరకపోతే, ముక్కుతాడు ఒక పక్కే లాగిన ఎద్దులా బండి రోడ్డు దిగిపోతుంది. సారు షెడ్డు నేల నిండా సుద్దగీతలు గీశారు. వాటిని ఎవరూ తొక్కకూడదు. రెండు రోజులపాటు మస్తాన్ భాయ్ గిరాకీలంతా వీధిలో నిలబడే మాట్లాడి పోయారు.

అన్నీ కుదిరాక చివరికి స్ప్రింగు మిగిలింది. దాన్ని కూర్చునేవాళ్ల బరువును బట్టి బిగించాలి.

"అమ్మ బరువెంత సార్?" అన్నాడు మస్తాన్ భాయ్.

సారు చేయి రాయడానికి లేచి గాలిలోనే ఆగిపోయింది. "తెల్దు."

"సుమారుగా చెప్పు సార్."

సారు అతన్ని చూసిన చూపుకు నేను తల దించుకున్నాను.

"పోనీ నువ్వే అడుగు పో, మస్తాన్."

"నేనా? నాకి ముగ్గురు పిల్లలుండారు సార్."

ఇద్దరూ నా వైపు తిరిగారు. "ప్రశ్నలడగడం నీ పని కదప్పా" అన్నారు సారు. మంత్రులను అడిగాను, కలెక్టర్లను అడిగాను, ఒకసారి గాయపడిన ఫ్యాక్షనిస్టును ఆసుపత్రి మంచం మీద అడిగాను. ఇది నా వల్ల కాదని చెప్పేశాను.

సరేనని స్ప్రింగు అట్లాగే వదిలేసి, ఖాళీ సైడ్‌కారుతో ఒకసారి నడిపి చూస్తానని సారు బయల్దేరారు. అప్పుడు తెలిసిన సంగతి ఒకటుంది. నలభై ఏళ్లు బండి నడిపిన అనుభవమంతా సైడ్‌కారు ముందు సున్నా. మలుపులో వాలడానికి వీల్లేదు. ఎడమకు తిప్పితే ఖాళీ సైడ్‌కారు పైకి లేస్తుంది. ఉల్లిపాయల మార్కెట్టు మలుపులో అది, కరెంటు స్తంభం దగ్గర కుక్క కాలెత్తినట్టు, లేచింది. లేచినది లేచినట్టే వెళ్లి ఒక ఉల్లి కుప్ప మీద దిగింది. కుప్ప యజమాని పరుగున వచ్చి, సైడ్‌కారులోకి తొంగి చూసి, "మనిషి యాడ పడినాడప్పా?" అని ఉల్లిపాయలు తవ్వడం మొదలుపెట్టాడు. ఎవరూ లేరని నమ్మించడానికి చాలా సేపు పట్టింది.

దాంతో బరువు పెట్టి నడపాలని తేలింది. మా ప్రాంతంలో బరువు కావాలంటే ఎవరికైనా గుర్తొచ్చేది కడప బండ. నాలుగు పలకలు తెచ్చి సీటు మీద పేర్చి తాడుతో కట్టారు. ఆ పని ఇంటి ముందే పెట్టుకోవడం తప్పయింది. సుగుణమ్మగారు మాకు కాఫీ తెచ్చారు.

"ఇవేంటివి?"

చెప్పాను కదా, సారుకు అబద్ధం రాదు. "నువ్వు" అన్నారు.

కాఫీ పళ్లెం ఆమె చేతిలో కదల్లేదు. "నాలుగా?"

"ఇంగోటి పడుతుందేమోనని మస్తాన్ అంటాండాడు."

మస్తాన్ భాయ్ అప్పటికే బండి వెనక్కి చేరాడు. పళ్లెం మూడు కప్పులతో వచ్చినట్టే లోపలికి వెళ్లిపోయింది. వారంపాటు ఆ ఇంట్లో ఎవరికీ కాఫీ లేదు.

బతిమాలగా బతిమాలగా, బేతంచర్లలో ఉన్న పినతల్లి కూతురింటికి ఒక్కసారి మాత్రం సైడ్‌కారులో వస్తానని ఆమె ఒప్పుకున్నారు. నచ్చకపోతే బస్సు ఉండనే ఉందన్నారు. ఆ ఒక్కసారిని సారు కాటా దగ్గర ఖర్చు పెట్టేశారు, అంకె ఉన్న చీటీ కూడా ఆమె హ్యాండుబ్యాగులోకే పోయింది. లారీల కాటా పది కిలోలకు తక్కువ పట్టుకోదు కదా, మరి అది సుమారు కాదా అని ముందే అడిగాను. "ఎంత తేడా వస్తాదో మనకు తెలుసు. తెలిసిన తేడా సుమారు కాదు" అన్నారు. పట్టుదల మనిషి చేత ఎంత తర్కమైనా చెప్పిస్తుంది.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో సైడ్‌కారు లేవకుండా నన్ను కూర్చోబెట్టారు. నా బరువు నేనే చెప్పాను. "నీది నాకేంటికప్పా" అన్నారు. కర్నూలు పొలిమేరలో బండి ఆపి, "కోట చూపిస్తానని చెప్పి కాటా చూపిచ్చినా" అని మాత్రం అన్నారు.

తర్వాతి సంగతి మస్తాన్ భాయ్ చెప్పాడు. ఆ శనివారం సారు చర్చి కమిటీ మీటింగులో ఉండగా సుగుణమ్మగారు ఆటోలో షెడ్డుకు వెళ్లారట. బండి అక్కడే ఉంది. తలుపు తీసుకుని కూర్చున్నారు.

"'బిగించు' అనింది సార్. బిగించినా. 'రోంత వదులు' అనింది. వదిలినా. 'ఆ, ఇట్లుండనీ' అనింది."

"అంకె?"

"అంకె ల్యా, గింకె ల్యా. చపాతీ పిండికి నీళ్లు పోసినట్టు చేపిచ్చింది."

"బరువు అడిగావా?"

"అడగలేదు సార్. ఎందుకొచ్చినావమ్మా అని మాత్రం అడిగినా. 'ఆయప్ప నాలుగు బండలు మోసుకుంట తిరిగి యాడన్నా పడతాడు. బండలు దించు' అనింది."

మర్నాడు ఆరాధన అయ్యాక చర్చి గేటు ముందు, సంఘమంతా చూస్తుండగా, ఆమె వెళ్లి సైడ్‌కారులో కూర్చున్నారు. సారు బండి తీశారు. అది గీత గీసినట్టు నిటారుగా పోయింది. సోమవారం ఆయన మా ఆఫీసుకు వచ్చారు.

"సరిగ్గా పోతాంది" అన్నారు.

"ఎంతకు బిగించాడట సార్?"

ఆయన చేయి గాలిలోకి లేచింది. ఏమీ రాయకుండానే కిందికి దిగింది. ఎడమచేయి మాత్రం అలవాటు కొద్దీ తుడిచింది.

ఆపైన గండికోట. నంద్యాల దాటి కోయిలకుంట్లలో టీకి ఆగితే జనం చుట్టూ మూగారట. ఎన్నికల ప్రచారం బండి అనుకున్నారు.

"ఏ పార్టీ అమ్మా?" అని ఒక ముసలాయన అడిగాడు.

"మేం గెలిచేసినాంలేప్పా" అన్నారట సుగుణమ్మగారు. అక్కడి నుంచి ఊరు ఊరుకూ చేయి ఊపడం మొదలుపెట్టారట.

జమ్మలమడుగు దాటి గండికోట దారి చీలే చోట సారు వేగం తగ్గించారు. సైడ్‌కారులోంచి ఆమె చుట్టిన పేపరుతో ఆయన మోకాలి మీద తట్టారు.

"ఆపొద్దు. గాలి బాగుండాది. వచ్చేటప్పుడు చూద్దాంలే."

నేరుగా కడపకు, వాళ్ల చెల్లెలింటికి పోయారు. వచ్చేటప్పుడు మైదుకూరు మీదుగా వచ్చేశారు. ఆ దారి చూడలేదని ఆమె అన్నారట. రెండోసారి అంతే. మూడోసారి ముద్దనూరు దారి కావాలన్నారు.

"మూడుసార్లు పోయినామప్పా" అన్నారు సారు నాతో. "మూడుసార్లూ కోట ఉన్న చోటే ఉండాది."

"బలవంతంగానైనా ఆపవచ్చు కదా సార్? ఇచ్చిన మాట తీరిపోతుంది."

ఆయన జేబులోని సుద్దముక్కను వేళ్లతో తిప్పారు.

"ఆపితే దిగుతాది. దిగినాక మళ్లా ఎక్కుతాదని ఏం నమ్మకం?"

నాలుగోసారి వానలు తగ్గాక అనుకున్నారు. వానలు తగ్గకముందే, ఒక మధ్యాహ్నం పడక కుర్చీలో పేపరు చదువుతూ సారు పోయారు. ఏ పేజీ చదువుతున్నారో నేను అడగలేదు.

మొన్న సుగుణమ్మగారిని చూడటానికి వెళ్లాను. బండి, సైడ్‌కారు రేకుల షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉన్నాయి. నా కారులో గండికోటకు తీసుకెళ్తానన్నాను. "కారులో ఏముందప్పా, కిటికీ" అన్నారు. బండి కొంటామని ఇద్దరు వచ్చారట. ఇద్దరికీ ఆమె ఒకే షరతు పెట్టారు. ముందు నన్ను కూర్చోబెట్టుకుని గండికోట దాకా నడపండి, ఈసారి నేనే దిగుతాను, బేరం ఆ తర్వాత మాట్లాడదాం అన్నారు. మొదటాయన నంద్యాల కాంట్రాక్టరు. వీధిలో ఒక్క చుట్టు తిప్పి చూస్తానని వెళ్లి, బండిని ఎదురింటి ప్రహరీకి ఆనించి, తాళంచెవి ఇవ్వడానికి నడిచి వచ్చాడు. రెండో అతను కోడుమూరులో విత్తనాల కొట్టు పెట్టుకున్నవాడు. ఎక్కడైనా నేర్చుకుని వస్తానని ఫోను నంబరు రాసుకుని వెళ్లాడు.

ఇది రాసే నాటికి అతని నుంచి కబురు లేదు. సుగుణమ్మగారు గండికోట ఇంకా చూడలేదు.